చెలిమె అంటే

5 ఫిబ్రవరి 2025, బుధవారం

నిన్న పొద్దున సాయలికి ఆడపిల్ల పుట్టింది. నార్మల్ డెలివరీ. మా ఆయన ఉమాకాంత్‌కు ఒక్కతే చెల్లెలు, కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఇంకెక్కడికి పోతుంది, ఇది ఆమె పుట్టిల్లు. ఈ మాట నెల రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

హాస్పిటల్లో పిల్ల నా చేతికి రాకుండా అందరూ జాగ్రత్త పడ్డారు. అత్తమ్మ నుంచి అల్లుడు మయూర్‌కు, మయూర్ నుంచి ఉమాకాంత్‌కు. నేను ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా చూస్తే ఫ్లాస్కు చాలా విలువైనదనుకుంటారు.

8 ఫిబ్రవరి

జాగ్రత్తలన్నీ ఇల్లు చేరేదాకానే. అత్తమ్మకు మోకాళ్ళు వంగవు. పిల్లకు నీళ్ళెవరు పోయాలి? నేనే. స్నానాలగదిలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే బోర్లా పడుకోబెట్టారు. నా కాళ్ళకు ఆ బరువు గుర్తుంది. కాళ్ళకు బుద్ధి ఉండదు.

మధ్యాహ్నం ఉమాకాంత్ అటక మీది ఊయల దించాడు. కొత్తది కొందామని ఎవరికీ తోచలేదు. మాకు బట్టల దుకాణం ఉంది, చుట్టూ బజారు ఉంది, నాందేడ్‌లో ఊయలకు కరువా?

మా పాప మొన్న శ్రావణంలో పోయింది. పద్నాలుగు నెలలు. జ్వరమని తీసుకెళ్ళాం, తిరిగి తీసుకురాలేదు. పేరు ఇవాళ రాయను.

11 ఫిబ్రవరి

పంతులు జాతకం రాసిచ్చాడు. అశ్విని రెండో పాదం. ‘చే’ అక్షరంతో పేరు పెట్టాలట.

భోజనాల దగ్గర అందరూ చేతన, చేతన అని రెండుసార్లు అని ఆగిపోయారు. ‘చే’తో పేర్లు తక్కువ. మా ఇంట్లో ఒకటుంది. దాని మొదటి అక్షరం పొట్టిది, ‘చె’. ఆ మాత్రం తేడా ఎవరికి పట్టింది? అందరూ పప్పు చూసుకుంటూ తిన్నారు.

12 ఫిబ్రవరి

ఇంకా ఎవరూ అడగలేదు.

13 ఫిబ్రవరి, మధ్యాహ్నం

అడిగింది. పిల్లకు పాలిస్తూ అడిగింది, అప్పుడైతే నేను గట్టిగా మాట్లాడనని.

“వదినా, చెలిమె అని పెట్టుకోనా? కితీ ఛాన్ నావ్, ఎంత మంచి పేరు! నీ యాది గూడ ఉంటది” అన్నది. నేను పిల్ల గుడ్డలు మడత పెట్టసాగాను. అప్పుడు రెండో మాట తీసింది. మా ఇంట్లో మరాఠీవాళ్ళలాగే మేనత్త చెవిలో పేరు చెబుతుంది. మా పాప చెవిలో చెప్పింది సాయలే. కాబట్టి ఆ పేరు పెట్టింది తనేనట. “నేను పెట్టిన పేరే గద వదినా.”

చెవిలో ఊదినవాళ్ళదా పేరు? ఆ రోజు అది సరిగ్గా పలకను కూడా లేదు. ‘చెలిమీ’ అని సాగదీసింది.

ఆలోచిస్తానన్నాను. దేని గురించి ఆలోచించాలో తెలియదు.

14 ఫిబ్రవరి

సాయలి ఫోన్ తెచ్చి చూపించింది. బేబీ నేమ్స్ వెబ్‌సైట్. చెలిమె. ఆరిజిన్: సంస్కృతం. మీనింగ్: స్నేహం, చక్కని తోడు. పాపులారిటీ: రేర్. లక్కీ నంబర్ ఆరు. కింద నాలుగు లైకులు.

ఒక్క ముక్క నిజం లేదు. రేర్ అన్నది తప్ప.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఉమాకాంత్ దుకాణం నుంచి పెందలాడే వచ్చాడు. చెల్లెలి తరఫున మాట్లాడతాడని ఎదురుచూసి కోపం సిద్ధం చేసి పెట్టుకున్నాను. అతను తన తరఫునే మాట్లాడాడు. “ఆ పేరు మల్ల పిలవాలని ఉంది నాకు. ఇంట్ల ఆ పేరు ఇనబడక ఎన్ని దినాలైంది” అన్నాడు. అని గోడ వైపు తిరిగాడు.

పాప పోయాక అతను ఏడవడం నేను చూడలేదు. ఇవాళ కూడా వీపే చూశాను. వీపును ఎట్లా తిట్టను?

అయినా సరే అనలేదు.

19 ఫిబ్రవరి

శివజయంతి, శివాజీ పుట్టినరోజు. రోడ్డు మీద డీజే. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోయింది.

అసలు అర్థం ఎక్కడో ఒకచోట రాయాలి కదా. ఇక్కడే రాస్తాను.

మా అమ్మ పుట్టిల్లు దెగ్లూర్ వైపు. ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆమె పేరు మైసవ్వ. మంజీర ఎండిపోయి అంతా ఇసుకే. మైసవ్వ నన్ను వెంటబెట్టుకుని బిందెతో నది మధ్యకు పోయి, కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడేది. మోచేతి లోతు గుంట అయ్యేసరికి అడుగు తడి తేలేది. మొదట వచ్చిన మడ్డినీళ్ళు ఎత్తి పారబోసేది. ఇంక కూర్చోవడమే. నేను తొందరపడితే “ఆగు బిడ్డా, అదే ఊరుతది” అనేది. ఊరేది. అద్దంలా ఉండేవి నీళ్ళు. కొబ్బరి చిప్పతో ముంచి బిందె నింపేది. ఆ గుంట పేరు చెలిమె.

పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు నాకు పిల్లలు లేరు. మందులు, స్కానింగులు, అత్తమ్మ మొక్కులు, అన్నీ అయ్యాయి. అన్నీ మానేసి ఊరుకున్నాక పాప కడుపున పడింది. ఇంకేం పేరు పెట్టను?

ఈ ఇంట్లోవాళ్ళు మూడు తరాలుగా నాందేడ్‌లోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, కోపమొస్తే హిందీ. వాళ్ళకు చెలిమె తెలియదు. చెలిమి అనుకున్నారు. అత్తమ్మ ఊరంతా ‘దోస్తానా అన్నట్టు’ అని చెప్పుకుంది. నన్నెవరూ అడగలేదు.

22 ఫిబ్రవరి, శనివారం

చెప్పేశాను.

సాయంత్రం ఉమాకాంత్ ఫ్లెక్స్ తెచ్చాడు. ఎల్లుండి తొట్టెల, పిల్లను ఊయలలో వేసి పేరు పెట్టే రోజు. గులాబీ రంగు బెలూన్లు, ఊయల బొమ్మ, మధ్యలో మరాఠీ అక్షరాల్లో చెలిమె. నేను సరే అన్నది ఎప్పుడు? ఎవరితో? అడిగితే ప్రింటింగ్ షాపువాడు తొందరపెట్టాడట. సాయలి ఫ్లెక్స్ చూసి మురిసిపోయి నా దగ్గరకొచ్చింది. మయూర్‌కు అక్కచెల్లెళ్ళు లేరు కదా, పిల్ల చెవిలో పేరు నువ్వే చెప్పాలె వదినా అన్నది. నా మీద ప్రేమతోనే అన్నది. అది తెలుసు. తెలిసే చేశాను.

చెలిమె అంటే స్నేహం కాదు అన్నాను. గుంట అన్నాను. నది ఇసుకలో చేతులతో తవ్విన చిన్న గుంట.

అర్థం కాలేదు ఆమెకు. నవ్వింది కూడా. అప్పుడు అన్నాను: “మన పాపను ఏడ పెట్టి అచ్చిండు మీ అన్న? గోదావరి ఒడ్డుకు ఏం తవ్విన్రు? గదే చెలిమె. నీ బిడ్డకు గదే పెట్టుకో.”

నీళ్ళ మాట చెప్పలేదు. మైసవ్వ మాట చెప్పలేదు. నోటి దాకా వచ్చింది, మింగాను.

సాయలి పిల్లను గట్టిగా పట్టుకుంది, నేను లాక్కుపోతానన్నట్టు. అత్తమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. “పచ్చి బాలింత ముంగట గా మాటలేంది? నీకు నోరెట్ల అచ్చింది? నువ్వు మనిషివేనా?” అని అరిచింది. నా బిడ్డకు గుంట పేరు పెట్టి గుంటలోకే పంపాననీ అన్నది. ఆ మాట అంటుందని తెలిసే కదా ఇన్నాళ్ళూ చెప్పనిది.

ఉమాకాంత్ ఫ్లెక్స్ చుట్టి, తాడుతో కట్టి, బయటికి తీసుకుపోయాడు.

నేను గెలిచాను. రాసి పెట్టుకోవాల్సిన సంగతే.

24 ఫిబ్రవరి

తొట్టెల అయింది. చేతన. పక్కింటి మరాఠీ పిన్ని పిల్ల చెవిలో చెప్పింది. నన్ను ఊయల దగ్గరికి రావద్దని అత్తమ్మ చెప్పలేదు. వంటింట్లో చాలా పని ఉంది అని చెప్పింది. ఉంది కూడా.

వచ్చినవాళ్ళంతా చేతన మంచి పేరన్నారు. బజారులో కేకేస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూసే పేరు.

2 మార్చి, ఆదివారం

వారం రోజులుగా ఉమాకాంత్ దుకాణంలోనే తింటున్నాడు. ఈ ఆదివారం దుకాణం తెరవలేదు, తప్పించుకోలేకపోయాడు. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వచ్చాడు.

చెలిమె తవ్వితే ఏమొస్తది అని అడిగాడు. నీళ్ళు అన్నాను. ఎందుకడుగుతున్నాడో అర్థం కాక, ఊరుతాయి అని కూడా అన్నాను.

బట్టల తీగ పట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆడవాళ్ళను రానివ్వరు కదా ఆ రోజు. పాపను చేతుల మీద తీసుకుపోయింది అతనే. వానాకాలం, నది దగ్గర నేలంతా నానిపోయి ఉంది. తవ్వుతుంటే అడుగున నీళ్ళూరాయట. బట్టతో అద్దితే మళ్ళీ ఊరాయట. తవ్వేవాళ్ళు కానీయమన్నారు, పొద్దు పోతున్నదన్నారు. అతను తన చొక్కా విప్పి అడుగున పరిచి, దాని మీద పెట్టాడట.

“ఎవ్వలకు చెప్పలె. నీకు అసలు చెప్పొద్దనుకున్న. పేరన్న మంచిగుండె, దోస్తానా అనుకుంట ఉన్న. గది గూడ తీస్కున్నవ్” అన్నాడు.

ఆ రోజు బనియన్‌తో ఇంటికొచ్చాడు. నాకు గుర్తుంది. చొక్కా ఏదని నేను అడగలేదు.

తడి దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. అతని భుజం మీద చెయ్యి వేయాల్సింది. వేయలేదు. అతను మెట్లు దిగిపోయాడు.

3 మార్చి

సాయలిని కొట్టాలనుకున్నాను. దెబ్బ ఎవరికి తగిలింది?

6 మే

మయూర్ వచ్చి తల్లినీ పిల్లనూ భోకర్ తీసుకుపోయాడు. సాయలి నాకు కాళ్ళు మొక్కింది, పద్ధతి ప్రకారం. ముఖం చూడలేదు. పిల్ల నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. సాయలే విప్పింది.

ఊయల మళ్ళీ అటకెక్కింది.

15 జూన్, సాయంత్రం

సాయలి ఫోన్. ఇన్నాళ్ళలో మొదటిసారి నా నంబర్‌కు చేసింది.

వాళ్ళత్తగారికి మాటల్లో ఈ పేరు గొడవంతా చెప్పిందట. ఆమె పాతకాలపు పల్లెటూరి మనిషి. విని నవ్విందట. చెలిమె తెలియకపోవడమేంది, మా చిన్నప్పుడు కరువుల మమ్ములను బతికిచ్చింది అదే గద అన్నదట. వాగులో ఎట్లా తోడేవాళ్ళో, ఎట్లా ఊరేదో, చేతులు తిప్పుతూ గంటసేపు చెప్పిందట.

“గుంట అన్నవ్ గని, నీళ్ళ సంగతి ఎందుకు దాచినవ్ వదినా?” అని అడిగింది సాయలి. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగింది, నిజంగా తెలుసుకోవాలని.

కుక్కర్ విజిలేస్తోందని పెట్టేశాను. స్టవ్ మీద ఏమీ లేదు.

16 జూన్

రాత్రి ఇంకో మెసేజ్ పెట్టి ఉంది. కాగితం మీద చేతననే. ఇంట్లో మాత్రం అందరూ చెలిమె అనే పిలుస్తున్నారట. వాళ్ళత్త మొదలుపెట్టిందట. ‘నీకు తెలియాలని చెబుతున్నా’ అని రాసింది.

వెబ్‌సైట్ చూశాను. రేర్ తీసేసి రైజింగ్ అని పెట్టారు. రెండు వందల లైకులు దాటాయి. అర్థం మాత్రం అదే తప్పుడు అర్థం. ఎవరెవరి పిల్లలో, ఏ ఊళ్ళ పిల్లలో. వాళ్ళందరి ఇళ్ళకూ పోయి గుంట అని చెప్పి రానా?

ఉమాకాంత్‌కు మెసేజ్ చూపించాను. చదివి ఫోన్ తిరిగిచ్చాడు. “పిలవనీ” అన్నాడు. అంతే.

23 అక్టోబర్, భావుబీజ్

అన్నకు హారతివ్వడానికి సాయలి వచ్చింది. పిల్ల పాకుతోంది. నా ముందు అందరూ గట్టిగా చేతన, చేతన అంటున్నారు. పిల్ల ఎవరి వైపూ చూడడం లేదు. అది తన పేరని దానికి తెలియదు.

వాళ్ళు హారతి దగ్గరున్నప్పుడు అది వంటింట్లోకొచ్చింది. ఎవరూ లేరు. నేను పిలిచాను. తిరిగి చూసింది.

నా బిడ్డ కాదు. మళ్ళీ పిలిచాను.