బ్రతుకు ధాతువు

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కయ్యకు,

ప్రభువు నామంలో నీ చెల్లెలు కరుణ వందనాలు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను. నా గురించి దిగులు పడకు. మీ క్షేమం అడగడానికే చెయ్యి ఆడడం లేదు. నాన్నగారు ఎలా ఉన్నారు? జావ తాగుతున్నారా? నిన్ను గుర్తుపడుతున్నారా?

నీ టెలిగ్రాం అందిన రోజే మేడమ్ చేతికిచ్చి సెలవు అడిగాను. ఆవిడ చదివి, మడిచి, నాకే ఇచ్చేసింది. "ఈ వీధిలో పనిచేసే ప్రతి అమ్మాయి తండ్రికీ ఇలాగే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెళ్ళి ఉన్నప్పుడే వస్తుంది" అంది. ఆవిడను ఏమీ అనలేను. నాకు ముందున్న అమ్మాయి ఇలాంటి టెలిగ్రామే చూపించి వెళ్ళి, చెల్లెలి పెళ్ళి చేసి, మరి తిరిగి రాలేదట. నా పాస్‌పోర్టు సార్ బీరువాలో ఉంది.

నమ్మింది పెద్దాయన ఒక్కరే. సార్ తండ్రిగారు. కైరోలో కాలేజీ పిల్లలకు ఈజిప్టు పాత భాష చెప్పేవారు. చూపు మందగించి కొడుకు దగ్గరికి వచ్చారు. కాన్వెంటు ఇంగ్లీషు ఉందని ఆయనకు పుస్తకాలు చదివిపెట్టే పని నాకిచ్చారు. చదివిపెడుతూ నేనూ కొంచెం నేర్చుకున్నాను.

ఆయన జీవితమంతా ఒక్క ధాతువు మీదే పనిచేశారు. అన్ఖ్. బ్రతకడం అని అర్థం. మొదటి అక్షరం గొంతు అడుగు నుంచి రావాలి, నాకు ఇప్పటికీ సరిగా రాదు. ఆ కాలంవాళ్ళు అచ్చులు రాసేవారు కాదు, ఉత్త హల్లులే. మనం చివర 'ఇంచు' చేర్చి బ్రతికించు అంటాం, వాళ్ళు మొదట్లో 'స' చేర్చేవారు. అద్దాన్నీ అన్ఖ్ అనేవారు. ఒట్టు పెట్టుకోవడానికీ అదే. అతడు బ్రతికి ఉన్నాడు అన్నా, అతడు బ్రతకాలి అన్నా రాతలో ఒకటే, ముందువెనక మాటల్ని బట్టి తెలుసుకోవాలి.

"ముందువెనక మాటలు చెరిగిపోతేనో సార్?" అని అడిగాను ఒకసారి.

"అప్పుడు బ్రతికే ఉన్నాడని రాసుకుంటాను. ముసలివాణ్ణి, నాకు అదే లాభం" అని నవ్వారు.

నేను, నువ్వు, అతడు, ఆమె అనేవి ధాతువు చివర అంటుకుంటాయి. అన్ఖి, అన్ఖెక్, అన్ఖెఫ్, అన్ఖెస్. గుర్తుండడానికని, నాన్నగారు బడిలో గుణింతం చెప్పించే వరసలో పాడుకునేదాన్ని. పెద్దాయన మంచం పట్టె మీద తాళం వేసేవారు.

టెలిగ్రాం చదివి వినిపిస్తే నాన్నగారి వయసు అడిగారు. "నాకంటే చిన్నవాడు" అన్నారు. ఊళ్ళో లేని కొడుకు రాగానే చెప్పి నన్ను పంపిస్తానని, పాత పద్ధతిలో అన్ఖ్ అనే మాటతోనే ఒట్టు పెట్టుకున్నారు. సార్ రాకముందే పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది.

ఇప్పుడు ఎవరు పెట్టినా మింగరు. నేను ఆ వరస పాడితే మింగుతారు, ఒక్కో రూపానికి ఒక్కో చెంచా. అందుకే నన్ను కదలనివ్వడం లేదు. సార్‌కి ఒట్టు సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "నువ్వు వెళితే మా నాన్నకు ఎవరు తినిపిస్తారు?" అన్నారు. మా నాన్నగారికో అని అడగాలనిపించింది. గిన్నె తీసుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను. నా సంగతి నీకు తెలుసు.

మేడమ్‌కి నేర్పాలని చూశాను. "ఈ వయసులో నాకీ పాఠాలా" అంటూనే కూర్చుంది. కాగితం చూసి చదివింది. పెద్దాయన పెదవులు బిగించేశారు. జావ గడ్డం మీదుగా కారింది. మేడమ్ చెంచా పడేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

పై అంతస్తులో వంట చేసే సంతోషమ్మగారిది మలికిపురం. డాబా మీద బట్టలు ఆరేస్తూ నన్ను పట్టుకున్నారు.

"ఏవమ్మా, ఇంత చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదేంటి? రెండ్రోజులు నోరు మూసుకు కూర్చో. ముసలాయన్ని ఆసుపత్రిలో పడేసి గొట్టం పెట్టేత్తారు. నిన్ను పంపేత్తారు."

"ఆకలితో ఉంటారండీ."

"ఆయ్, ఉంటారు. అక్కడ మీ నాన్నగారు నీకోసం చూత్తా ఉండలేదా? ఈయన నీకేవవుతాడేంటి, మేనమావా?"

నిన్న మధ్యాహ్నం ఆ పనే చేశాను అక్కా. గిన్నె పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఆయన నోరు తెరిచి నావైపు చూశారు. మళ్ళీ మూయలేదు. నాలుక ఎండిపోయి ఉంది. నువ్వు బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాకా నాన్నగారు కూడా ఇలాగే చూస్తూ ఉంటారేమో అనిపించింది. అన్ఖి అని మొదలుపెట్టాను. గిన్నెడూ తాగారు. ఇక నావల్ల కాదని తెలిసిపోయింది. సంతోషమ్మగారు నాతో మాట్లాడడం మానేశారు.

పెద్దాయన కోలుకున్నాక పంపుతామంటున్నారు. కోలుకోరని డాక్టరు నా ముందే చెప్పాడు. మళ్ళీ టెలిగ్రాం ఇవ్వకు, నవ్వుతారు. నేను రాలేను అక్కా. ఎన్ని రకాలుగా ఆలోచించినా రాలేను.

ఇక్కడ ఎండకంటే దుమ్ము ఎక్కువ. తిండికి లోటు లేదు, రొట్టె అలవాటైంది. నువ్వు వేళకు తిను. అత్తయ్యగారికీ, పాస్టరుగారికీ నా వందనాలు చెప్పి ప్రార్థన చెయ్యమను.

ఒక్కటే అడుగుతున్నాను. అన్నీ పోయినా వినికిడి చివరిదాకా ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ భాషలో చెవులకు కూడా ఈ ధాతువు నుంచే పేరు వచ్చింది, బ్రతికి ఉన్న రెండూ అని. నాన్నగారు కళ్ళు తెరవకపోయినా చెవి దగ్గర కూర్చుని, కరుణ బయలుదేరిందని చెప్పు. మనం ఆయన దగ్గర ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఇది ఆడు. బొంబాయిలో దిగిందని చెప్పు. మర్నాడు రైలెక్కిందని చెప్పు. రాజమండ్రి వచ్చిందని, రావులపాలెంలో బస్సు కోసం నిలబడిందని చెప్పు. ఇంటిదాకా మాత్రం తీసుకురాకు. అక్కడే నిలబెట్టి ఉంచు.

నీ దీవెన కోరే చెల్లెలు,
కరుణ