ఆ తుపాకీ చేసింది నేను, నాయనా

వెల్లింగ్టన్,
బుధవారం.

నాయనకు శారద నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? ఇవన్నీ ముందే అడిగేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా కోపమే. ఫోన్లో చెబుదామంటే రెండు మాటలకే "ఉండు, అమ్మకిస్తా" అంటావు. ఉత్తరాన్ని అలా మధ్యలో ఇంకొకరి చేతిలో పెట్టలేవు కదా. నువ్వే కూర్చుని చివరిదాకా చదువు.

ఆదివారం సాయంత్రం అన్నం తింటుంటే చిన్నాయన మా ఆయనకి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఉంది. "ఏం అల్లుడా, తుపాకీ చేసినావంట గదా! మీ మామ టీ అంగట్లో అందరికీ ఫొటో సూపిచ్చినాడు. మా అల్లుడు ఒట్టి కంప్యూటరోడు కాదప్పా అని ఒకటే సంబరం!"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన నావైపు చూడనైనా చూడకుండా, "ఏదోనండీ, వీకెండ్స్‌లో అలా చేశాం" అన్నాడు.

చేశామంట! ఎవరు చేశారు నాయనా?

అది పాతకాలపు చెకుముకి రాయి తుపాకీ. అమెరికా నుంచి పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చింది: గొట్టం, రాయిని ఉక్కుకి కొట్టించే లాక్, సగం చెక్కి వదిలేసిన కొయ్య. పర్మిట్ నా పేరు మీద, లైసెన్స్ నా పేరు మీద. దానికోసం ఆఫీసరమ్మ ఇంటికొచ్చి గంటసేపు నన్ను ప్రశ్నలడిగింది. మా ఆయనకి లైసెన్సే లేదు. నేను పక్కన లేకుండా ఆయన దాన్ని ముట్టుకోకూడదు కూడా.

చలికాలమంతా ఆఫీసు నుంచి రాగానే గరాజ్‌లోనే కూర్చున్నాను. ఈ ఊరి గాలికి షట్టర్ దడదడలాడేది, వేళ్లు కొంకర్లు పోయేవి. లాక్ కొయ్యలో వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోవాలి. ఇనుముకి మసి పూసి కొయ్యలో నొక్కితే, ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడ ఉలితో గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ గీకాలి. తుపాకీల క్లబ్బులో నాకు పని నేర్పే గ్రాహమ్ అనే పెద్దాయన ఆ మసి కోసం ఏదో డబ్బా కొనమన్నాడు. నేను అమ్మ పంపిన కాటుక వాడాను. ఆముదం దీపం మసి కంటే బాగా ఏది అంటుకుంటుంది? అయిపోయింది, ఇంకో రెండు భరిణెలు పంపమని అమ్మకి చెప్పు.

ఆ ఫొటో మళ్లీ తీసి చూడు. తుపాకీ పట్టుకున్న వేళ్ల నిండా కాటుక, చేతికి రెండు గాజులు. అల్లుడికి గాజులెప్పుడు తొడిగావు?

శనివారం మొదటిసారి పేల్చాం. చూశావా, నాకూ అదే మాట వస్తోంది! పేల్చాను. రాయి ఉక్కుకి కొట్టుకుని నిప్పురవ్వలు రాలితే మందు అంటుకోవాలి. మొదటిసారి మందంతా గాలికి ఎగిరిపోయింది. రెండోసారి తుస్సుమంది. గ్రాహమ్ నవ్వలేదు, చేత్తో గాలికి అడ్డుపెట్టి మందు పొయ్యమన్నాడు. రవ్వ పడ్డాక గుండు పేలేలోపు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో బెదిరితే గురి తప్పుతుంది. నేను బెదరలేదు. అట్ట మీద నడిమి చుక్కకి బెత్తెడు పక్కన తగిలింది. అప్పుడు నీ అల్లుడు వెనక బెంచీ మీద చెవులు మూసుకుని ఉన్నాడు.

చిన్నప్పుడు చెనక్కాయ చేలో పందుల్ని బెదరగొట్టే నీ నాటు తుపాకీకి మందు కూరి ఇచ్చిందెవరు? వేడినీళ్లతో గొట్టం కడిగిందెవరు? ఒక్కసారి పేలుస్తానంటే "ఆడపిల్లకెందుకమ్మా" అని అన్నకిచ్చావు. వాడు వెల్లకిలా పడ్డాడు. అయినా ఊరంతా వాడి ధైర్యమే చెప్పుకున్నావు. పని మాత్రం నేను నీ దగ్గర చూసే నేర్చుకున్నాను. నువ్వు మెచ్చుకుంటావనే ఫొటో పంపాను నాయనా. ఏడుపొచ్చింది నాకు.

మా ఆయనతో పెద్ద గొడవైంది. "పోనీలే శారదా, మామయ్యగారు అంత సంబరపడుతుంటే కాదంటే ఏం బాగుంటుంది?" అంటాడు. మూడు రోజులుగా మాటల్లేవు. ఉప్మా తనే చేసుకుని, అడుగు మాడ్చుకుని తింటున్నాడు. ఆయన మీద కోపం ఇంకో రెండు రోజుల్లో పోతుందిలే. నీ మీదది అలా పోయేది కాదు. ఫొటో కింద "పూర్తయింది" అని రాశాను. ఎవరు చేశారని నువ్వు అడగనుకూడా లేదు. అడగాలనే నీకు తోచలేదు.

అందుకని, ఎవరికి ఫొటో చూపించావో వాళ్లందరికీ అదే అంగట్లో చెప్పు. "కూతురూ అల్లుడూ" అని కలిపి చెప్పకు. కూతురు చేసింది అను.

అమ్మకీ పెద్దమ్మకీ నమస్కారాలు. చిన్నాయనకి ఈ ఉత్తరం చూపించు. నా ఆరోగ్యం గురించి బెంగపడకండి, వేళకి తింటున్నాను.

నేను ఎప్పుడు కాళ్లకి దండం పెట్టినా "దీర్ఘసుమంగళీభవ" అంటావు. ఆయన నూరేళ్లు బతకాలి, నాకూ అదే కావాలి. కానీ ఆ దీవెన ఆయనకే పోతుంది నాయనా. ఈసారి నాకంటూ ఒకటి కావాలి. ఫోన్ చేసినప్పుడు, అల్లుడు బాగున్నాడా అని అడిగేలోపు, "నీ చేతిలో పనితనం ఉందమ్మా" అను.

ఇట్లు,
నీ కూతురు
శారద