పిండి నేనే పిసికాను

నుహైలా,

పిండి పొంగింది. వీధి పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి రొట్టెలు కాల్పించుకొని రా. కుండలో హరీరా చారు ఉంది, వెచ్చబెట్టుకొని తాగు. నేను మసీదులో పెద్దవాళ్ల అక్షరాల చదువుకి వెళ్తున్నాను.

నువ్వు నాతో వీధిలో ఆడవాళ్లంతా కలిసి చేసే స్నానాల ఇంటికి రావడం మానేస్తే, ముసలిదాని పక్కన నడవడం నీకు నామోషీ అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం నిద్రలో నీ చొక్కా చెయ్యి పైకి జరిగింది. నేనూ మీ అమ్మా చూశాం. నీ దిండు కింద ఉన్న నవల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. అందులో పిల్ల కూడా తన్ను తాను గాయపరుచుకొని చేతులు కప్పుకుంటుంది.

"ఈ పుస్తకమే దీన్ని చెడగొట్టింది, పొయ్యిలో పడేస్తానత్తా" అంది మీ అమ్మ.

"పుస్తకం కాలిస్తే పిల్ల గాయాలు మానతాయటే?" అన్నాను.

అది నీకు నేర్పిందో, మాలో ఎవరికీ చెప్పుకోలేనిది అందులో చూసుకున్నావో, నాకు తెలియదు. తిరిగి దిండు కిందే పెట్టాను.

నువ్వు చొక్కా చేతులు పైకి మడవక్కర్లేకుండా ఇవాళ పిండి నేనే పిసికాను. సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. తిట్టను.

నానమ్మ

పుస్తకమంతా వెతికాను. ఆ పిల్లకి నానమ్మ లేదు.