పిడికిలిలో జేడ్ పంది

బర్నబీ, కెనడా, బుధవారం రాత్రి

నేను పనిచేసే యాంటిక్ షాపులో ఈరోజు ఓనర్ లిన్ ఆంటీ పాత చైనా బొమ్మలు, జేడ్ అనే పచ్చరాయితో చేసినవి, తుడవమన్నారు. గుర్రం, ఎద్దు అయ్యాక పడుకున్న పంది ఒకటి చేతికొచ్చింది. కొలిచి చేసినట్టు నా పిడికిలిలో ఇమిడిపోయి, కాసేపటికే వెచ్చబడింది.

"పూర్వం ఇలాంటివి చనిపోయినవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు, వట్టి చేతులతో పోకూడదని," అన్నారు ఆంటీ.

గబుక్కున కింద పెట్టేశాను.

పోయిన నెల మా రూమ్మేట్ కిరణ్ బాడీని ఇండియా పంపేటప్పుడు, పెట్టె మూసేముందు చూశాను. ఎవరో ఏదో పెడతారన్నట్టు వాడి వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. మేమేమీ పెట్టలేదు.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఇంకో రూమ్మేట్ సాయి అడిగాడు. "ఆ ఎడం చేతిలో ఏం పట్టుకున్నావ్‌రా, వచ్చినకాడి నుంచి?"

తెరిచి చూపించాను. ఏమీ లేదు.

ఇది రాస్తుంటే ఆ చెయ్యి మళ్ళీ ముడుచుకుంది. లోపల వెచ్చగా ఉంది.