గోడలో పైపు కంత

నాన్నకు, అమ్మకు వందనాలు. నా ఉద్యోగం పోలేదు, భయపడకండి. న్యూట్రాన్లు పుట్టించే మిషన్ ఉన్న మా హాలును గోడలతో సహా కంప్యూటర్‌లో నమూనాగా కట్టేది నేనే. అడ్డుగోడలో పైపు కోసం వదిలిన కంతను కూడా ఉన్నదున్నట్టు పెట్టాను. మిషన్ నడిపితే రేడియేషన్ అందులోంచి బయటికొస్తుందని తేలింది. మా సారు ఏం చేశాడో తెలుసా? కంప్యూటర్‌లో ఆ కంతను తుడిచేసి, "ఇప్పుడు మంచిగున్నది, రిపోర్టు మీద సంతకం పెట్టు" అన్నాడు! ఒళ్ళు మండిపోయింది. "గీడ పూడిస్తే గోడల పూడుతదా సార్?" అని, సంతకం పెట్టకుండానే లేచి వచ్చేశాను. ఆయన మన టేకులపల్లిలో షుకూర్ మామ టెలిఫోన్ బూత్‌కు ఫోన్ చేసి మీతో నాకు బుద్ధి చెప్పిస్తాడట. ఒప్పుకోకండి. అమ్మ మోకాలు దవాఖానాలో చూపించారా? మామిడి తొక్కు కాస్త ఎక్కువే పంపండి, ఇక్కడ పనివాళ్ళమంతా కలిసి తింటాం. తినేది ఆ గోడ పక్కనే. ప్రార్థనలో మా అందరినీ తలుచుకోండి.

మీ స్తుతి