నీటిగుర్రం మీద ఎరుపు

చిన్నోడికి నాన్న దీవెనలు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. మన కార్ల రంగుల షెడ్డులో పాత కంప్రెసరు ఒక్కటే కాస్త దగ్గుతోంది, దానికీ వయసొచ్చింది. నువ్వు వేళకు తింటున్నావనీ, డ్యూటీ దిగగానే నిద్రపోతున్నావనీ నమ్ముతున్నాను. నమ్మకపోతే మీ అమ్మ ఊరుకోదు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు ఎందుకింత ఆలస్యమైందో చివరికి నీకే తెలుస్తుంది. ముందు నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మ మోకాలు నయం. మెట్లు దిగుతూ నన్ను తిట్టడం మానేసింది కాబట్టి నొప్పి తగ్గిందనే అనుకోవాలి. పెరటి గోడ కట్టించాం. ఇక మూడోది. "పేపర్లో ఫొటో చూశాను. నీటిగుర్రం బొమ్మ పక్కన అమ్మ స్ప్రే గన్ పట్టుకుని నిలబడింది, నువ్వేమో వెనకాల గాలి గొట్టం మోస్తున్నావు. ఇదేం వింత?" అన్నావు. ఆ వింత సంగతే రాస్తున్నాను.

కాళ్ళు పోయిన పిల్లలకు కొత్త కాళ్ళు అమర్చే ఆసుపత్రి మనకు తెలిసిందే కదా. అక్కడ పిల్లలకు నడక నేర్పడానికి హాలు లేదు. వరండాలో వచ్చేపోయేవాళ్ళ మధ్యే నడిచేవాళ్ళు. ఆ హాలు కోసం డాక్టరమ్మ ఒక ఉపాయం పన్నింది. ఫైబరుతో ముప్ఫై నీటిగుర్రాలు పోత పోయించి, బొమ్మలు వేసేవాళ్ళకూ, స్కూళ్ళకూ, బోర్డులు రాసేవాళ్ళకూ తలా ఒకటి పంచింది. వాటికి రంగులు వేసి నెల్లాళ్ళు వీధుల్లో నిలబెట్టాలి, తర్వాత వేలం వెయ్యాలి, వచ్చిందంతా హాలుకు పోవాలి. ఆవిడ కారుకు రంగు వేసింది మనమే. అందుకని ఒకటి మన షెడ్డుకూ వచ్చింది.

"మేస్త్రీ, మీ కంటి మీద నాకు నమ్మకం. మీరేం వేసినా సరే" అంది.

నేనైతే కారుకు వేసినట్టే రెండు రంగులు కొట్టి పంపేద్దామనుకున్నాను. మీ అమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. మూతి మీద చెయ్యి వేసి చూసింది.

"ఇది నాకు వదిలెయ్యండి" అంది.

"ఏం వేస్తావ్?"

"పొట్ట సగం దాకా నీళ్ళలో ఉన్నట్టు వేస్తా. పైనంతా బురద రంగు. ఆ బురద లోపల్నుంచి ఎరుపు రావాలి, సాయంత్రం ఎండ పడ్డట్టు."

"గన్ పట్టుకోవడం అంత తేలిక కాదు."

"మీరు పట్టుకోగా లేనిది నేను పట్టుకోలేనా?"

గరుకు కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి ఒళ్ళంతా నునుపు చేసి ఇచ్చాను. అక్కణ్ణుంచి రాజ్యం ఆవిడదే. పొద్దున్నే గుమ్మంలో ఎండ పడే చోట కూర్చుని, డబ్బా మూతల మీద చుక్కలు చుక్కలుగా రంగులు కలిపేది. నచ్చకపోతే తుడిచేసేది. మొదటి రోజు గన్ దగ్గరగా పెట్టి కొట్టి రంగు కారబోసింది. నేను నవ్వాను. రెండో వారానికి నాకు నవ్వే అవకాశం ఇవ్వలేదు. మణికట్టు తిప్పడంలో నా చెయ్యే కనబడింది, కాకపోతే నా చేతికన్నా ఓపిక ఎక్కువ. మూడు వారాలు పట్టింది.

మన నీటిగుర్రాన్ని గ్రంథాలయం ముందు నిలబెట్టారు. బొమ్మ కింది దిమ్మె మీద ఇత్తడి పలక, దాని మీద నా పేరు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. జనం బాగానే వచ్చారు. పిల్లలు దాని పొట్ట తడిమి, తడి అంటిందేమోనని చేతులు చూసుకుంటున్నారు! ఒకావిడ అటూ ఇటూ నడిచి "ఆ ఎరుపు చూశారా, ఇటునుంచి చూస్తే మెరుస్తోంది, అటు వెళ్తే మాయమవుతోంది" అని పక్కావిడను లాగి చూపించింది. మీ అమ్మ జనం వెనకాల నిలబడి కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది.

పేపరాయన నా దగ్గరకొచ్చాడు. "మేస్త్రీగారూ, ఇంత బురదలో ఆ ఎరుపును ఎలా దాచారు? అది మొదలయ్యే చోట వేలు పెట్టండి, ఫొటో తీస్తాను."

వేలు ఎత్తాను. ఎక్కడ పెట్టాలి? మీ అమ్మ గబగబా ముందుకొచ్చి, ఎవరికీ వినబడకుండా "మెడ కింద, ఎడమ పక్క" అంది. ఇరవై ఆరేళ్ళుగా అందిస్తున్నట్టే అందించింది. వేలు అక్కడ పెడితే సరిపోయేది. అంతమందిలో నాకే చప్పట్లు కొట్టేవాళ్ళు. సొమ్మొకరిది, సోకొకరిది. నాకు ఒక్కసారిగా రోత పుట్టింది.

చెయ్యి దించేశాను. "నాకు తెలీదు బాబూ. ఆ ఎరుపు నాకు కనబడదు" అన్నాను.

అవును నాన్నా. మీ నాన్నకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు. పుట్టుకతోనే అంతే. రెండూ నాకు ఎండుటాకు రంగులోనే ఉంటాయి. పెళ్ళైన కొత్తలో బజారునుంచి టమాటాలు తెస్తే సగం పచ్చివే వచ్చాయి. మీ అమ్మకు సంగతి అర్థమైంది. మర్నాడు భోజనం తెచ్చే వంకతో షెడ్డుకొచ్చి, రంగుల డబ్బాల దగ్గర కూర్చుంది. ఆనాటినుంచీ ఊరంతా మెచ్చుకున్న "మేస్త్రీ కన్ను" ఆవిడదే. ఇదంతా అక్కడ అందరి ముందూ చెప్పేశాను.

మన పాత ఖాతాదారు, ఆ బట్టల కొట్టాయన, గట్టిగా అడిగాడు. "అయితే నా కారుకు ఏ రంగేసి తగలేశావయ్యా?"

నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ అందుకుంది. "మీ కారు రంగు నేను కలిపిందే. నచ్చలేదా?"

"నచ్చిందమ్మా."

"మరింకేం?"

జనం గొల్లున నవ్వారు. డాక్టరమ్మ పేరు మార్పించడానికి ఆ పలక అప్పటికప్పుడే విప్పించింది. పేపరాయన షెడ్డునుంచి గన్నూ గొట్టమూ తెప్పించి, అక్కడే నువ్వు చూసిన ఆ ఫొటో తీసుకున్నాడు. తర్వాత ఒకరిద్దరు బళ్ళు వెనక్కి తీసుకుపోయిన మాట నిజమే. పోనీ. మిగిలినవాళ్ళు ఇప్పుడు రంగు గురించి సూటిగా ఆవిడనే అడుగుతున్నారు. నేను వింటూ లప్పం పెడుతుంటాను. చిన్నోడా, ఇంత గర్వంగా నేనెప్పుడూ లప్పం పెట్టలేదు!

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టేసినా చదవగలిగాను. "అమ్మకు గన్ ఇచ్చావు, నన్నెందుకు రంగుల గదిలోకి కూడా రానివ్వలేదు?"

నీకు పదకొండేళ్ళప్పుడు మీ అమ్మకు వారం రోజులు జ్వరం. ఒక కారు తలుపుకు ఎరుపు నేనే కలిపి కొట్టాను. అప్పగించేటప్పుడు నువ్వు కారాయన ముందే "నాన్నా, ఈ తలుపు ఆ తలుపులా లేదు" అన్నావు. నిన్ను చెంప మీద కొట్టాను. నీకు రంగుల గురించి ఏం తెలుసన్నాను. రెండు రోజులకు ఆయన కారు తిప్పి తెచ్చాడు. నువ్వన్నదే నిజం. ఆ మాట నీకు చెప్పలేదు. నీ కళ్ళకు దొరికిపోతానని భయపడి ఆ గది తలుపు నీకు మూసేశాను. నీ చేతిలో పనితనం లేదని నువ్వు అనుకున్నావు. అనుకోనిచ్చాను.

రైలు నడిపే ఉద్యోగానికి కంటి పరీక్ష ఉందని నువ్వు కంగారుపడితే "పాసవుతావు పో" అని నా పనిలో పడ్డాను. పట్టించుకోలేదని నువ్వు అలిగావు. కాదు నాన్నా. ఆ పరీక్ష ఆ తలుపు దగ్గరే నువ్వు పాసయ్యావు, నాకు తెలుసు. అంత పెద్ద బండిని నా కొడుకు ఎర్రదీపం చూసి ఆపుతాడని, పచ్చదీపం చూసి కదిలిస్తాడని తలుచుకున్నప్పుడల్లా నా గుండె నిండిపోతుంది. నిన్ను కొట్టినందుకు క్షమించు. అంతకన్నా, ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు క్షమించు.

వేలం అయిపోయింది. మనది ధరలో రెండోదిగా నిలిచింది. మొదటిది ఒళ్ళంతా బంగారు రంగు పూసిన బొమ్మ. "బంగారం పూస్తే దున్నపోతునైనా కొంటారు" అని మీ అమ్మ రెండు రోజులు గొణిగింది. కొన్నాయన మన నీటిగుర్రాన్ని ఆసుపత్రికే ఇచ్చేశాడు. నిన్న చూడ్డానికి వెళ్ళాం. కొత్త హాలు పునాదుల్లో ఉంది, అందాకా వరండా చివర పెట్టారు. కొత్త కాలు వేసుకున్న ఒక పాప అవతలి గోడ దగ్గర్నుంచి బయల్దేరి, పడుతూ లేస్తూ వచ్చి దాని మెడ వాటేసుకుంది. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీరు అలా చూడండి, ఇప్పుడు పాప చెయ్యి ఉందే, సరిగ్గా అక్కడ ఉంది ఎరుపు" అంది.

చూశాను. కనబడలేదు. అయినా అది ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు.

ఉత్తరం ముగిస్తుంటే మీ అమ్మ పక్కనుంచి "సెలవు పెట్టి రమ్మని రాయండి, ఒక లారీ తొట్టికి రంగు వెయ్యాలి, మనిషి చాలడం లేదు" అంటోంది. ఆవిడ మాట నేను జవదాటను.

ఇట్లు,
మీ అమ్మ షెడ్డులో పనిచేస్తున్న
మీ నాన్న