పసుపు గీత పడని పేజీలు

ఏమండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. పదకొండింటికి కొరియర్ వస్తుంది, ఇవాళ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారుగా, సంతకం పెట్టి తీసుకోండి. మీరు రెండుసార్లు తప్పిన ఆ హెడ్జ్ ఫండ్ల పరీక్ష సర్టిఫికెట్ అది. కవరు మీద ఇంటిపేరు చూసి ఎగిరి గంతెయ్యకండి, దాని పక్కనున్నది నా పేరు.

అవును, నేనూ రాశాను. మీ పుస్తకాలే చదివాను. "ఇవి నీ బుర్రకెక్కవులే, టీ పట్టుకురా" అనేవారు కదా, టీ తెచ్చినప్పుడల్లా మీ భుజం మీంచి చూస్తూనే ఉన్నాను. అర్థమైన చోటల్లా పసుపు పెన్నుతో గీత గీసుకున్నారు. లెక్క కాస్త కష్టమైతే చాలు, పేజీ తెల్లగా వదిలేశారు. నేను ఆ తెల్ల పేజీలే చదివాను. పరీక్షలో సగానికి సగం వాటిలోంచే వచ్చాయి.

మీరు పాసవుతారని మీ ఆఫీసులో రెండేళ్లుగా ఖాళీగా ఉంచిన సీటుకి ఇవాళ ఇంటర్వ్యూ. నన్ను పిలిచారు. ఇంటర్వ్యూకని మీరు కొనిపెట్టుకున్న నల్ల ఫైలు తీసుకెళ్తున్నాను, మీకు ఇప్పట్లో దాంతో పని పడదు కదా.

అన్నట్టు, పసుపు పెన్ను బల్ల మీదే ఉంచాను. ఈ చీటీలో మీకు అర్థమైనంత వరకు గీసుకోండి.